నాయన పలక

ఆళ్లగడ్డ,
17 జూన్ 1984.

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు లూదియా వందనాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి గానీ నా మనసు బాగాలేదు కాబట్టి ఆ మాట రాయను. మీ బావ బాలస్వామి బాగున్నాడు. ఎస్తేరు బాగుంది. వాన మాత్రం ఇంకా పడలేదు.

పోయిన ఆదివారం నువ్వూ హన్నమ్మ వదినా నంద్యాల నుంచి మా ఇంటికి వచ్చింది దేనికో నీకు గుర్తుందా? నీ కొడుకు జ్ఞానప్రకాశానికీ నా కూతురు ఎస్తేరుకూ పెళ్లి ఖాయం చేసుకోవడానికి. ఎస్తేరు పుట్టిన రోజున "నా కోడలు పుట్టింది" అంటూ ఆసుపత్రిలో అందరికీ బెల్లం పంచింది నువ్వే. ఇరవై ఏళ్లుగా అనుకుంటున్న మాట. ఆ మాటకోసం వచ్చి నువ్వు చేసిందేమిటి? గోడకు ఆనుకుని కూర్చుని ఎవరేమన్నా తల ఊపావు. మీ బావ "పెండ్లి క్రిస్మసుకు ముందు పెట్టుకుందామా, తర్వాతనా?" అంటే "ఔను" అన్నావు. అదేం జవాబు? వదిన అందుకుని "తర్వాతయితే మేలంటాండాడు" అని సర్దింది. అక్కడి నుంచి నిన్ను అడిగిన ప్రతి మాటకూ ఆమే జవాబు చెప్పింది.

పోనీ చెవులు మందగించాయేమో అనుకున్నాను. యాభైకి దగ్గర పడుతున్నావు కదా. అందుకని వంటింటి గడప దగ్గర నిలబడి, నీ వెనక, కావాలనే స్టీలు పళ్లెం కింద పడేశాను. ఠక్కున తిరిగావు. నన్ను చూసి నవ్వావు కూడా. నువ్వు మళ్లీ అటు తిరిగాక, అక్కడే నిలబడి మామూలు గొంతుతో "అన్నా, నీకు ఈ సంబంధం ఇష్టమేనా?" అని అడిగాను. పలకలేదు. పళ్లెం వినిపించే చెవికి చెల్లెలి మాట వినిపించదా?

మా ఎదురింటి ఓబులమ్మ అంటోంది: "మీ అన్నకు కర్నూల్లో ఇంజనీరు బిడ్డ సంబంధం వచ్చిందంట, ఇంగ మీరు యాడ కనపడతారు!" నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ నిద్ర కూడా పట్టలేదు. ఏదైనా ఉంటే నాకే చెప్పు.

నీ చెల్లెలు,
లూదియా


నంద్యాల,
2 జులై 1984.

చెల్లెలు లూదియమ్మకు,

నీ జాబు చేరింది. పళ్లెం సొట్ట పోలేదు కదా?

ఆ రోజు నాకు తలనొప్పి. ఐదుగురు ఒకేసారి మాట్లాడితే ఎవరికి జవాబు చెప్పాలి? మీ ఇంట్లో గుసగుసలాడేవాళ్లే లేరు. కర్నూలు ఇంజనీరును నేను ఈ జన్మలో చూడలేదు. ఓబులమ్మ దగ్గర ఉన్నన్ని వార్తలు కడప రేడియోలో కూడా ఉండవు. ఆమెను అడిగి ఆ ఇంజనీరు పేరు కనుక్కుని నాకు రాయి, నేనూ తెలుసుకుంటాను.

పెళ్లి మాట వచ్చే ఎండాకాలం తర్వాత చూసుకుందాం. తొందర లేదు. జ్ఞానప్రకాశం ఆత్మకూరు అడవి ఆఫీసులో చేరి ఏడాదైనా కాలేదు. కాస్త నిలదొక్కుకోనీ.

ఏం చెప్పాలన్నా జాబు రాయి. బావను ఇంతదూరం పంపొద్దు. కాలేజీలో నాకు తీరిక ఉండదు. మనుషులు వచ్చిపోయే దానికన్నా జాబులే మేలు. నీ చేతిరాత చిన్నప్పటి నుంచీ ముత్యాల్లా ఉంటుంది.

మీ అన్న,
పరంజ్యోతి


ఆళ్లగడ్డ,
9 సెప్టెంబరు 1984.

అన్నకు,

నా చేతిరాతను పొగిడితే నేను మెత్తబడతానని అనుకున్నావా? నేనూ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే. తప్పు చేసిన పిల్లవాడు ముందుగా టీచరమ్మ చీర బాగుందంటాడు.

మనుషులు రావద్దు, జాబులు రాయమన్నావు. సొంత చెల్లెలి మొగుణ్ణి గడప తొక్కొద్దనే అన్నను నేను ఎక్కడా చూడలేదు. అందుకే నీకు చెప్పకుండా పోయిన గురువారం మీ బావను మీ కాలేజీకి పంపాను. ఆయన తిరిగొచ్చి మంచం మీద కూలబడి ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "నువ్వేమన్నా అనుకో లూదియా, మీ అన్న మనసు ఈడ లేదు. వరండాలో పిల్లోళ్లు గోల చేస్తాండారు, నేను పక్కన నిలబడి పెండ్లి మాటెత్తితే, ఆయప్ప గుంటూరు రైలు ఎన్నింటికో చెప్తాండాడు. నన్ను బేగా పంపించేయాలని సూస్తాండాడు." వెళ్లమని చెప్పడానికి ఇదొక పద్ధతా?

ఇంకొకటి కూడా విన్నాడు. నీ విద్యార్థులు క్లాసులో నోటితో ఏదైనా అడిగితే నువ్వు జవాబు చెప్పవట. చీటీ మీద రాసి బల్ల మీద పెడితేనే చెప్తావట. "మా జువాలజీ సారుకు శానా గీర" అని ఒకడు మీ బావతోనే అన్నాడు.

ఓబులమ్మ చెల్లెలు మీ నంద్యాలలోనే ఉంది. నువ్వు బస్టాండు ముందర నడిరోడ్డు మీద నిలబడి ఉన్నావట. లారీ హారన్ కొడుతూనే ఉందట. నువ్వు ఎడమకు చూసి, కుడికి చూసి, మళ్లీ ఎడమకు చూసి, లారీ మీదికే నడిచావట. ఎవరో చెయ్యి పట్టి లాగారట. పట్టపగలు పదకొండు గంటలకు. అన్నా, తాగుతున్నావా? మన ఇంటావంటా లేని పని. చర్చిలో పాట ఎత్తుకునేవాడివి నువ్వే, ఇప్పుడు వెనక బెంచీలో పుస్తకం మూసుకుని కూర్చుంటున్నావని కూడా తెలిసింది.

వదిన అన్నీ కప్పిపుచ్చుతోంది. ఆమె ఏం దాస్తోంది? ఈసారి తలనొప్పి అని రాయొద్దు.

లూదియా


నంద్యాల,
20 సెప్టెంబరు 1984.

లూదియాకు,

నా మీద గూఢచారులను పెట్టావన్నమాట. నా మొహం చూసి అడగాల్సిన మాటలు ఓబులమ్మ చెల్లెలిని అడిగి తెలుసుకుంటున్నావు. నేను తాగను. అంతకు మించి జవాబు చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

మీ వదినను ఇందులోకి లాగొద్దు. ఆమె లేకపోతే నేను ఒక్క పూట గడపలేను.

ఈ పెళ్లి వద్దు. ఎస్తేరుకు వేరే సంబంధం చూసుకోండి. మంచి పిల్ల, చదువుకుంది, సుఖపడుతుంది. కారణం అడగొద్దు. కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. ఐదు నెలలు ఆలోచించి రాస్తున్నాను.

పరంజ్యోతి


ఆళ్లగడ్డ,
5 అక్టోబరు 1984.

పరంజ్యోతి గారికి,

మీ జాబు అందింది. ఎస్తేరు చదివి మడిచి బైబిలులో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పొద్దున లేచి ట్రెయినింగు స్కూలుకు పోతోంది, వస్తోంది, అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేస్తోంది. ఇరవై ఏళ్లు ఒక ఆశ పెంచి రెండు వాక్యాల్లో కోసేశారు. కారణం అడగొద్దట!

మీరు అచ్చం మన నాయనే. ఇన్నాళ్లూ నాకు పోలిక తట్టలేదు. ఆ చీటీల సంగతి వినగానే తట్టింది. పల్లె చర్చిలో వాక్యం చెప్పిన మత్తయి ఉపదేశి కొడుకు అనిపించుకున్నారు. మీరు నంద్యాల బోర్డింగులో ఉండి తప్పించుకున్నారు గానీ కొలిమిగుండ్ల దగ్గర ఆ పల్లెలో ఆయన గర్వమంతా భరించింది నేనూ అమ్మా. నాపరాయి ముక్కను నున్నగా గీకి పలక చేసి గోడకు ఆనించాడు. ఏది కావాలన్నా దాని మీద రాయాలి. ఆకలేస్తే రాయాలి, అమ్మకు జ్వరమొస్తే రాయాలి. "నాయనా" అని పిలిస్తే తల ఎత్తేవాడు, మాట చెప్పబోతే పలక వైపు చెయ్యి చూపించి "రాసియ్యి పాపా" అనేవాడు. ఆరేళ్ల పిల్లకు ఎంత శిక్ష! చుట్టుపక్కల అంత మంచి చేతిరాత ఉన్న పిల్ల ఇంకొకతె లేదంటే అందుకే.

పదిహేనో ఏట నేను రాయడం మానేశాను. నోరుంది, చెవులున్నాయి, మాట్లాడితే మాట్లాడనీ, లేకపోతే లేదు అనుకున్నాను. ఆయన పోయేదాకా ఆరేళ్లు మా ఇద్దరి మధ్య మాటే లేదు. నాకేం పశ్చాత్తాపం లేదు. ఆ పలక ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు జాడీ మీద మూతగా పనికొస్తోంది.

మీతో కూడా అంతే అనుకుంటాను.

బి. లూదియా


నంద్యాల,
11 అక్టోబరు 1984.

లూదియా,

నన్ను ఎంతైనా తిట్టు. మీరు అని రాయొద్దు.

నాకొక సాయం చెయ్యాలి. నాయన గురించి నీకు గుర్తున్నవన్నీ రాయి. పలక ఏ సంవత్సరంలో పెట్టాడు? అప్పుడు ఆయనకెన్నేళ్లు? కుక్క మొరిగితే, బండి వస్తే వినిపించేదా? ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే ఏమైనా అర్థమయ్యేదా? నలుగురిలో ఎలా ఉండేవాడు? పాటలు పాడేవాడా, మానేశాడా? అడవిలోనో పొలంలోనో నువ్వు పిలిస్తే నీ వైపే తిరిగేవాడా, ఇంకో వైపు తిరిగేవాడా? ఇది మరీ ముఖ్యం.

ఎందుకని అడగొద్దు. తొందరగా రాయి.

అన్న


ఆళ్లగడ్డ,
25 అక్టోబరు 1984.

అన్నా,

నీ జాబు మూడుసార్లు చదివాను. పెళ్లి ఊసు లేదు, ఎస్తేరు ఊసు లేదు, ఇరవై మూడేళ్ల కింద చనిపోయిన మనిషికి కుక్క మొరిగితే వినిపించేదా అని! నీకు మతి చెడిందా, లేక నన్ను మాటల్లో పెట్టి ఇంకేదో చేస్తున్నావా? మీ బావ "ఆస్తి కాయితాలేమన్నా ఉండాయేమో, దానికోసరం మీ నాయన సంగతులు అడుగుతాండాడేమో" అంటున్నాడు. మన నాయనకు ఆస్తి ఎక్కడిది? అందుకని రాస్తున్నాను. ఉంటే రాసేదాన్ని కాదు.

పలక నాకు ఆరేళ్లప్పుడు వచ్చింది. నాయనకు ముప్పై ఎనిమిది అని అమ్మ లెక్క. కుక్కా బండీ అన్నీ వినిపించేవి. వాన మొదటి చినుకు మనకన్నా ముందు వినేవాడు. ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడితే సగం సగం జవాబు చెప్పేవాడు, నలుగురిలో అయితే తల ఊపి నవ్వేవాడు. పాటలు మానేశాడు. చేలో నేను పిలిస్తే తల ఎత్తి చుట్టూ గిర్రున తిరిగి వెతికేవాడు. నాతో ఆడుకుంటున్నాడని అనుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు సంఘపెద్దలు కూర్చుని, ఉపదేశి జనం చెప్పుకునే కష్టాలు వినిపించుకోవడం లేదు, చెవుడని నటిస్తున్నాడు అన్నారు. ఆయన వెనక కానుకల పళ్లెం పడింది. తిరిగాడు. "ఇంకేం సాచ్చికం గావల్ల?" అన్నారు. ఉపదేశి పని పోయింది. ఆ తర్వాత చనిపోయేదాకా నాపరాళ్ల గనిలో కూలి. నీకు ఫీజు అక్కడి నుంచే వచ్చేది.

ఇప్పుడు నువ్వు చెప్పు. దేనికి ఇదంతా?

లూదియా


నంద్యాల,
18 నవంబరు 1984.

పాపా,

చిన్నప్పటి పేరుతో పిలుస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఈ జాబు నువ్వొక్కతివే చదువు. చదివాక ఎవరికి చెప్పాలో నీ ఇష్టం.

మొన్న నేనూ వదినా బెంగళూరు వెళ్లి ఒక పెద్దాసుపత్రిలో వారం ఉన్నాం. ఏప్రిల్లో ఒకసారి వెళ్లాం, ఇది రెండోసారి. నాకు శబ్దాలన్నీ వినిపిస్తాయి పాపా. నీ పళ్లెం వినిపించింది. లారీ హారన్ వినిపించింది. మాటలు మాత్రం మాటలుగా రావడం లేదు. నువ్వు మాట్లాడావని తెలుస్తుంది, ఆడ గొంతని తెలుస్తుంది, ఏమన్నావో తెలియదు. నాలుగేళ్ల కింద మొదలై ఏటికేడు ఎక్కువైంది. ఎదురుగా పెదవులు చూస్తూ ఒక్కరితో అయితే కొంత నెట్టుకొస్తాను. నలుగురు చేరితే ఇక అంతే.

డాక్టరు ముందు సన్నని ఈలల్లాంటి శబ్దాలు వినిపించి పరీక్ష చేశాడు. అన్నీ విన్నాను. ఒక కాగితం తీసుకుని "మీ చెవులు దాదాపు బాగున్నాయి. ఉద్యోగంలో ఏమైనా ఇబ్బందా?" అని రాసి చూపించాడు. ఎంత మర్యాదగా అడిగినా, నటిస్తున్నావా అనే కదా! సొంత ఒళ్లు అబద్ధం చెబుతున్నట్టు అందరూ నీ మొహంలోకి చూస్తుంటే ఎలా ఉంటుందో నేను రాయలేను.

తర్వాత తలకు తీగలు అంటించి చెవిలో టిక్కు టిక్కుమని రెండు వేల సార్లు కొట్టారు. చెవి నుంచి మెదడుకు వేల నరపు పోగులు వెళ్తాయి. టిక్కుమన్నప్పుడల్లా అవన్నీ ఒకే క్షణంలో కబురు పంపితే కాగితం మీద వరుసగా గుట్టలు లేస్తాయి. నర్సు తలకు అంటిస్తే ఐదు గుట్టలు చక్కగా వచ్చాయి. నాకు ఒక్కటీ రాలేదు. మిషను చెడిందేమోనని మార్చి చూశారు. అప్పుడూ గీత చదునుగానే వచ్చింది. నటించి తెప్పించగలిగిన గీత కాదది.

ఇరవై రెండేళ్లుగా కప్పలను కోసి నరాలు చూపించే నాకే ఇది తలకెక్కడానికి రెండు రోజులు పట్టింది. చర్చికి వెళ్లి కూర్చున్నాక ఎక్కింది. నువ్వూ ఒక పని చేసి చూడు. ఆదివారం చర్చి బయట రోడ్డు మీద నిలబడు. పాస్టరుగారు ఒక వచనం, జనం ఒక వచనం చదువుతారు కదా, అప్పుడు జనం చదివే ప్రతి మాటా రోడ్డు మీదికి స్పష్టంగా వస్తుంది. వంద గొంతులు ఒకే క్షణంలో ఒకే అక్షరం పలుకుతాయి కాబట్టి. తర్వాత ఎవరి ప్రార్థన వాళ్లు బిగ్గరగా చేసుకుంటారు. అవే వంద గొంతులు, అంతే గట్టిగా. రోడ్డు మీదికి హోరు తప్ప ఒక్క మాటా రాదు. నా చెవి నరాలు ఎప్పుడూ ఆ రెండో ప్రార్థనలోనే ఉన్నాయి. ప్రతి పోగూ పని చేస్తోంది. కలిసి చేయడం లేదు. చెవిలో పెట్టుకునే మిషను తెచ్చి చూశాను, హోరు పెరిగింది, అంతే.

శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియకపోవడం కూడా అందుకే. ఒక చెవికి ముందు, రెండో చెవికి వెంట్రుకవాసి తర్వాత చేరుతుంది. ఆ తేడా చూసి మెదడు దిక్కు కనిపెడుతుంది. కబుర్లే చెదిరిపోయి వస్తుంటే దేన్ని దేనితో పోల్చాలి? లారీ మీదికి నడిచింది అందుకే. చేలో నాయన చుట్టూ గిర్రున తిరిగింది కూడా అందుకే. ఆయన నీతో ఆడుకోలేదు పాపా. నిన్ను వెతికాడు.

నువ్వు రాసిన ఉత్తరం బెంగళూరు తీసుకెళ్లి డాక్టరుకు అర్థం చెప్పాను. ఇలాంటివాళ్లను ఇద్దరు ముగ్గురిని చూశాడట, ఈ రోగానికి ఇంకా పుస్తకాల్లో పేరు కూడా సరిగా లేదట. "ఇది మీ రక్తంలో ఉన్నట్టుంది" అని రాశాడు. జ్ఞానప్రకాశానికి రావచ్చు, రాకపోవచ్చు. ఏప్రిల్లోనే నాయన పలక గుర్తొచ్చి నాకు ఈ అనుమానం పుట్టింది; అయినా ఇరవై ఏళ్ల మాట తోసెయ్యలేక జూన్లో మీ ఇంటికి వచ్చాను. నీ కూతురిని తెలిసి తెలిసి ఇందులోకి ఎలా దించను? చెబితే నా ఉద్యోగం పోతుందని, వాడికి ఇంకెక్కడా సంబంధం రాదని భయపడ్డాను. నీకు చెడ్డవాణ్ణయినా ఫరవాలేదు అనుకున్నాను. అది పిరికితనమే. ఒప్పుకుంటున్నాను.

వదిన ఏం దాస్తోందని అడిగావు. నలుగురిలో ఆమె నా పక్కన కూర్చుని నా మోకాలి మీద వేలితో తడుతుంది. ఒకసారి తడితే ఔను, రెండుసార్లయితే కాదు. ఆ ఆదివారం ఆమె నా మోకాలి మీద దోమను కొట్టింది. నేను ఔనన్నాను.

అన్న


ఆళ్లగడ్డ,
2 డిసెంబరు 1984.

అన్నా, అన్నా,

నేను ఆదివారం చర్చి బయట నిలబడ్డాను. ఓబులమ్మ ఆ దారిన పోతూ చూసి "ఏందమ్మా, లోపలికి రానియ్యలేదా?" అంది. నువ్వు రాసింది రాసినట్టే జరిగింది. అందరూ కలిసి చదివినప్పుడు ప్రతి మాటా విన్నాను. ఎవరి ప్రార్థన వాళ్లు మొదలుపెట్టాక హోరు. ఆ హోరులో మీ బావ గొంతు కూడా ఉందని తెలుసు. ముప్పై అడుగుల దూరంలో నిలబడి నా మొగుడి గొంతు నేను పట్టుకోలేకపోయాను. అక్కడే గోడ పట్టుకుని ఏడ్చాను.

నీ దగ్గర ఒక మాట దాచాను. "పళ్లెం పడింది" అని రాశాను. అది దానంతటది పడలేదు. పెద్దలు నన్ను పిలిచారు. "పాపా, మీ నాయన ఎనకమాల నిలబడి దీన్ని పడెయ్, పో" అన్నారు. ఇత్తడి పళ్లెం నా చేతికిచ్చారు. పడేశాను. నాయన తిరిగాడు, నన్ను చూశాడు, నవ్వాడు. ఆయన వెనక పెద్దలు "ఇన్నాడు, ఇన్నాడు" అని అరుస్తున్నారు. ఆయనకు అదేమీ తెలియడం లేదు. వంగి పళ్లెం తీసి, తువ్వాలుతో తుడిచి, నా చేతికి ఇచ్చాడు. ఆయన నోటి దగ్గరి కూడు నేను తీసేశాను అన్నా. ఆయన నటించాడని గట్టిగా నమ్మితేనే నేను బతకగలిగేదాన్ని. అందుకే నమ్మాను. అందుకే పలక మీద రాయడం మానేశాను. నలభై నాలుగేళ్ల వయసులో మళ్లీ అదే పని నీకు చేశాను.

నాయన వినిపించుకోలేదని ఇన్నేళ్లు కోపం పెట్టుకున్నాను. నేను రాసిన ప్రతి అక్షరం ఆయన విన్నాడని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలిసి ఏం లాభం?

ఎస్తేరుకు అంతా చెప్పాను. నన్ను క్షమించు, అది దాని బతుకు, దానికి తెలియాలి. రేపు నీ కొడుక్కు కూడా ఇలా కావచ్చు అని చెప్పాను. బైబిలులోంచి నీ జాబు తీసి మళ్లీ చదువుకుంది. తర్వాత "సదువొచ్చు గదమ్మా? రాసిస్తే సదువుతాడు గదా?" అంది. నేను బిత్తరపోయాను. "బావతోనే మాట్లాడతా, ఆయప్ప నోటితోనే చెప్పనీ" అని కూడా అంది. అన్నం తిని లేచింది. చాలా రోజుల తర్వాత కంచం ఖాళీ అయింది.

నువ్వు కూడా దాచకు. నాయనను చంపింది రోగం కాదు, ఎవరూ దాని పేరు చెప్పలేకపోవడం. నీ దగ్గర డాక్టరు తీసిన ఆ చదును గీత కాగితం ఉంది. దాన్ని పట్టుకెళ్లి ప్రిన్సిపాలుకు రాసివ్వు. క్రిస్మసుకు అందరూ ఇక్కడికి రండి. ఉప్పు జాడీకి వేరే మూత కొన్నాను.

నీ పాప


ఆళ్లగడ్డ,
మా ముందరి గది,
26 డిసెంబరు 1984.

అన్నకు,

నువ్వు నా ఎదురుగానే ఉన్నావు. బల్లకు ఆ పక్క కూర్చుని నేను ఏం రాస్తున్నానా అని చూస్తున్నావు. పొద్దుటి నుంచి నాపరాయి పలక మీద మనం బలపాలు రెండు అరగదీశాం. వానలు, వదిన కొట్టిన దోమ, పెళ్లి తారీకు, అన్నీ దాని మీదే అయిపోయాయి. ఇది మాత్రం కాగితం మీద రాస్తున్నాను. పలక మీద రాస్తే తుడిచేస్తాం. ఇది తుడవకూడదు.

జ్ఞానప్రకాశం, ఎస్తేరు పెరట్లో మాట్లాడుకుంటున్నారు. వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. నాకు ఒక్కటే అడగాలని ఉంది. పళ్లెం నేను కావాలని పడేశానని నాయనకు తెలుసా? తెలియక నవ్వాడా? తెలియకనే నవ్వి ఉంటే ఆ నవ్వుకు నేను తగను.

లూదియా


ఆళ్లగడ్డ,
నీ ఎదురుగా,
అదే రోజు.

పాపా,

ప్రిన్సిపాలుకు ఆ గీత కాగితం చూపించి రాసిచ్చాను. రెండుసార్లు చదివాడు. ఇంకా ఏమీ తేల్చలేదు. ఏమైనా కానీ, ఇక దాచను.

నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. నన్ను దాచమన్నది నాయనే. ముప్పై ఐదేళ్ల కింద ఆయన బోర్డింగుకు రాసిన జాబు నా పెట్టెలో ఉంది. నువ్వు అడుగుతావని తెలిసి వెంట తెచ్చాను. ఈ ముక్క ఎత్తి రాస్తున్నాను, అసలు కాగితం ఇప్పుడే నీ చేతికిస్తాను.

"ఆదివారమున పెద్దలు నన్ను పరీక్షించుటకు పాప చేత పళ్లెము పడవేయించిరి. నేను తిరిగి చూచితిని. దాని ముఖము చూడగనే సంగతి తెలిసినది. బిడ్డ వణకుచుండెను. అందుకని నవ్వితిని. ఈ సంగతి నీకు తెలిసినట్లు దానికి ఎన్నడును అగుపరచకుము. పెద్దదైన పిమ్మట బాధపడును."

అప్పుడు నాకు పదమూడేళ్లు. అర్థమైంది తక్కువ. మాట మాత్రం నిలబెట్టాను. జూన్లో నీ పళ్లెం మోగి వెనక్కి తిరిగితే, నువ్వు ఉత్త చేతులతో నిలబడి ఉన్నావు. ఆ జాబే గుర్తొచ్చింది. అందుకని నవ్వాను.

కళ్లు తుడుచుకో. పెరట్లోంచి ఎస్తేరు ఏదో కేకేస్తోంది. శబ్దం వినిపిస్తోంది. నీ మొహం చూస్తే మంచి మాటే అయి ఉంటుంది. ఏమందో పలక మీద రాసియ్యి పాపా.

అన్న